కాలిన కొండకు మొక్కలు నాటాలా, వదిలేయాలా?

గువ్వలచెరువు_కోవా
మా ఊరి వెనక పాలకొండల వాలు మార్చిలో కాలింది. రాత్రి మొదలైన మంట మరుసటి రోజు సాయంత్రానికి గానీ చల్లారలేదు. బోదగడ్డి నిలువెత్తున ఎండి ఉండింది, గాలి ఎటు తిరిగితే మంట అటు పాకింది. ఇప్పుడు కొండంతా నలుపు, అక్కడక్కడా తెల్లబూడిద. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.
ఊళ్ళో కుర్రాళ్ళం కొందరం కలిసి జూన్‌లో విత్తన బంతులు విసిరి, కొన్ని వందల మొక్కలు నాటాలని అనుకున్నాం. నర్సరీ ఆయన ఒకరు కానుగ, వేప, నేరేడు మొక్కలు ఉచితంగా ఇస్తానన్నారు. మా చిన్నాయన మాత్రం "దాని జోలికి పోవద్దురా, అదే వస్తుంది" అంటున్నాడు. అక్కడ నేలంతా పలుగురాళ్ళు, జానెడు మట్టి కూడా లేదు. అలాంటి చోట కాలిన అడవి నిజంగా తిరిగి వస్తుందా? మేం నాటాలా, ఊరుకోవాలా? వానలు వచ్చేలోపు తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది.

మేకలదొడ్డి
మీ చిన్నాయన మాటే నా మాట. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ కొండలు కాలుతూనే ఉన్నాయి, పచ్చబడుతూనే ఉన్నాయి. ఒక్క మంచి వాన పడనీ, గడ్డి అదే లేస్తుంది. మా మేకలు ముందు అక్కడికే ఉరుకుతాయి.

చండ్రకట్టె
మేకలదొడ్డి అన్నా, కొండ పచ్చబడడం వేరు, అడవి తిరిగి రావడం వేరు. గడ్డి లేచిందని సంబరపడితే చెట్టు సంగతి మరిచిపోతాం.
నేను లంకమల, బద్వేలు వైపు అడవి పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. తమ్ముడూ కోవా, నాటడం గురించి తర్వాత ఆలోచిద్దువు. ముందు చిన్న కత్తి తీసుకుని కొండెక్కు. కాలిన చెట్టు పక్కన కూర్చుని, నేలకు బెత్తెడు పైన బెరడు గోరంత మేర గీకు. లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే చెట్టు బతికే ఉంది. ఎండిపోయి గోధుమ రంగులో ఉంటే ఇంకా కిందికి వెళ్ళి, మట్టి కాస్త తీసి వేరు మొదట్లో గీకు. పైన చచ్చి కింద బతికిన చెట్లు మన కొండల్లో చాలా ఉంటాయి.
ఎర్రచందనం పెద్ద చెట్టయితే బెరడు మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా, మందంగా ఉంటుంది. గడ్డి మంట దాన్ని ఏమీ చెయ్యలేదు. చేతికర్ర లావున్నవి పైన ఎండిపోతాయి, మొదట్లోంచి పిలకలు వేస్తాయి. తునికి అయితే వేళ్ళ మీద నుంచే ఎక్కడపడితే అక్కడ లేస్తుంది. ఏవి బతికాయో చూసుకోకుండా గుంతలు తవ్వితే, ఉన్న వేళ్ళనే గడ్డపారతో నరికిన వాళ్ళవుతారు.

పెన్నాగట్టు
నాకొకటి అర్థం కాదు. బూడిద ఎరువే కదా? మా తాతల కాలంలో నారుమడికి కంప కాల్చి ఆ బూడిద మీద విత్తనం చల్లేవాళ్ళు. కొండంతా కాలితే కొండంతా ఎరువేసినట్టే కదా, ఇంక చెట్లు బాగా రావాలి.

బద్వేలు_బాషా
ఎరువేసినట్టే భాయ్, కానీ మా బద్వేలు వైపు గాలికి ఆ ఎరువు నెల్లూరులో పడుతుంది.

బాటనీ_మేడం
బాషా గారు నవ్వుతూ అన్నా మాట నిజమే. పెన్నాగట్టు గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.
ఆకు, గడ్డి కాలినప్పుడు అందులోని పోషకాలన్నీ బూడిదలో మిగలవు. నత్రజని సుమారు 200 డిగ్రీల దగ్గర నుంచే వాయువుగా మారి పోవడం మొదలుపెడుతుంది. భాస్వరం అలా పోవాలంటే 770 డిగ్రీలు దాటాలి, కాల్షియంకు 1,480 డిగ్రీల పైనే కావాలి. అంటే మామూలు గడ్డి మంటలో ముందుగా, ఎక్కువగా పోయేది నత్రజని. బూడిదలో మిగిలేవి కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం, కొంత భాస్వరం. బూడిద క్షారం కాబట్టి నేలలోని ఆమ్లగుణం కొన్నాళ్ళు తగ్గుతుంది. వాన పడగానే మొలిచే గడ్డి అంత పచ్చగా కనిపించడానికి కారణం ఇదే. తేలిగ్గా అందే పోషకాలు ఒక్కసారిగా దొరుకుతాయి, మీద నీడ కూడా ఉండదు.
ఇక్కడొక చిక్కుంది. పాలకొండలు, లంకమల, నల్లమల చాలావరకు క్వార్ట్‌జైటు, షేలు రాళ్ళు. కడప పేరుతోనే భూగర్భశాస్త్రంలో పిలిచే పాత రాతిపొరలు ఇవి, వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. క్వార్ట్‌జైటు దాదాపు మొత్తం సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది అరిగి మట్టయినా చెట్టుకు తినడానికి పెద్దగా ఏమీ ఇవ్వదు. అలాంటి కొండ మీద పోషకాలు ఉండేది రాయిలో కాదు, చెట్టులో, రాలిన ఆకులో, పైన ఉన్న రెండు మూడు అంగుళాల మట్టిలో. మంట ఆ నిల్వను బూడిద చేసి నేల మీద ఆరబోస్తుంది. తర్వాత పడేది మెత్తటి వానైతే మట్టిలోకి దిగుతుంది. కుండపోత వానైతే వంకలోకి పోతుంది. పోయిన నత్రజనిని చిక్కుడు జాతి మొక్కలు గాలిలోంచి తిరిగి తెస్తాయి. కొట్టుకుపోయిన భాస్వరాన్ని తెచ్చే మొక్క ఏదీ లేదు. రాయి అరగాలి, లేదా దుమ్ముతో రావాలి. రెండూ చాలా నెమ్మది.
నారుమడి చదునుగా, గట్టు కట్టి ఉంటుంది. బూడిద అక్కడే ఉంటుంది. కొండవాలుకు గట్టెక్కడిది?

పెన్నాగట్టు
ఇప్పుడు అర్థమైంది మేడం. మరి ఆ వేడికి మట్టిలో ఉన్న వేళ్ళు, విత్తనాలు మాడిపోవా?

బాటనీ_మేడం
మట్టి వేడిని లోపలికి తొందరగా పోనివ్వదు. గడ్డి మంట ఒకచోట నిలబడేది కాసేపే. పైన వందల డిగ్రీలున్నా ఐదు సెంటీమీటర్ల లోతున వేడి పెద్దగా పెరగదు. జీవకణాలు చావడానికి 60 డిగ్రీలు చాలు, ఆ వేడి కూడా అక్కడిదాకా వెళ్ళదు. కానీ ఎండిన మొద్దు పడి ఉండి, రోజుల తరబడి రాజుకున్న చోట సంగతి వేరు. అక్కడ మట్టి ఇటుక రంగుకు తిరుగుతుంది, వేరూ విత్తనమూ రెండూ మాడిపోతాయి. కోవా గారు కొండెక్కినప్పుడు అలాంటి మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. నిజంగా మనిషి సాయం కావాల్సింది ఆ మచ్చలకే.
బెరడు విషయంలో ఒక లెక్క ఉంది. బెరడు మందం రెట్టింపైతే, లోపలి పొర చావడానికి పట్టే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే రెండు వేళ్ళ లావు మొక్కకూ, నడుం లావు చెట్టుకూ ఒకే మంట ఒకలా ఉండదు.

అనంత_వేరుశనగ
మాది అనంతపురం జిల్లా. మా దగ్గర పలుగు కాదు, నల్లగుండ్ల గుట్టలు, మధ్యలో ఎర్రమట్టి. మా గుట్ట చిన్నప్పుడు చిగర, సీతాఫలం, బలుసుతో నిండి ఉండేది. ఏటా ఎవరో ఒకరు అంటించడం, కాలడం. ఇప్పుడు బందారు చెట్టు, బోద తప్ప ఇంకేమీ లేదు. మేకలు కూడా బందారు ముట్టవు. మీరంతా "అదే వస్తుంది" అంటున్నారు, మరి మాకెందుకు రాలేదు?
మాకు వానే 550 మిల్లీమీటర్లు, అదీ సరిగ్గా పడితే.

చండ్రకట్టె
ఏటా కాలింది కాబట్టే రాలేదన్నా. పిలక వేసిన ప్రతిసారీ చెట్టు వేరులో దాచుకున్నది ఖర్చు పెడుతుంది. ఆకు వేసి తిరిగి నింపుకునేలోపు మళ్ళీ మంటొస్తే మళ్ళీ ఖర్చు. పిలక మంట ఎత్తు దాటాలి, బెరడు దళసరి కావాలి. దానికి మన వానలకు వరసగా చాలా ఏళ్ళు మంట లేకుండా ఉండాలి. ఏడాది విడిచి ఏడాది కాలితే చెట్టు మోకాలెత్తులోనే ముసలిదై చచ్చిపోతుంది.
తునికి వేరు ఒకటి తవ్వి చూశాను ఒకసారి, బాట వేస్తుంటే బయటపడితే. పైన ఉన్నది వేలెడు పుల్ల. కింద వేరు నా ముంజేయి కన్నా లావు. పైకొసన ముడులు ముడులుగా గడ్డకట్టి ఉంది, ప్రతి ముడి దగ్గరా పాత పిలక కాలిన నల్లమచ్చ. ఒకదాని పక్కన ఒకటి, కొన్ని పాతబడి బెరడు కమ్మేసినవి, కొన్ని కొత్తవి. ఆ చెట్టు నాకన్నా పెద్దది అయి ఉంటుంది. ఒక్కసారి కూడా మనిషి ఎత్తుకు పెరగనివ్వలేదు దాన్ని.

అనంత_వేరుశనగ
ఈ మాట మా ఊళ్ళో అందరికీ చదివి వినిపిస్తాను.

బ్రసీలియాలో_ప్రొద్దుటూరు
ఉద్యోగం వల్ల బ్రెజిల్‌లో ఉంటున్నాను, ఊరు ప్రొద్దుటూరు. ఇక్కడ సెరాడో అని పెద్ద గడ్డిమైదానపు అడవి ఉంది. నేల ఎర్రగా, లోతుగా ఉంటుంది కానీ పోషకాల్లో బీద. ఇనుము, అల్యూమినియం ఎక్కువ, ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని అవి పట్టుకుని వదలవు. ఇక్కడి మొక్కలకు నేల కింద కట్టెలాంటి పెద్ద దుంప ఉంటుంది. చండ్రకట్టె గారు చెప్పిన తునికి వేరు చదవగానే అదే గుర్తొచ్చింది. మంట అయిన కొన్ని వారాలకే కొన్ని మొక్కలు ఆకు కన్నా ముందు పూలు పూస్తాయి.
ఇంకో సంగతి. ఇక్కడ దశాబ్దాల పాటు మంటే రాకుండా కాపాడిన చోట చెట్లు గుబురెక్కి, కింద ఉండే గడ్డిజాతులు, చిన్న పూలమొక్కలు నీడకు చచ్చిపోయాయి. కాబట్టి మంట అన్నిచోట్లా శత్రువు అనుకోవడం సరికాదు.

నల్లమల_నీడ
బ్రెజిల్ అన్న చెప్పింది నేను ఒప్పుకుంటాను. మాది ఆత్మకూరు వైపు. బీడీ ఆకు కోసం మాఘ, ఫాల్గుణాల్లో తునికి పొదలు కొట్టడం, అక్కడక్కడా కాల్చడం పాత అలవాటు, లేత ఆకు వస్తుందని. చెంచులు గడ్డలు తవ్వుకునే చోట్లు, దారి వెంట కాల్చుకునే చోట్లు వాళ్ళకు తెలుసు. చలి పోకముందే, గడ్డి సగం పచ్చిగా ఉన్నప్పుడు కాల్చితే మంట మోకాలు దాటదు. ఏప్రిల్‌లో గాలికి అంటుకునేదే కొండను మింగేస్తుంది. ముందే చిన్నగా కాల్చుకోనిస్తే పెద్ద మంట రాదని మా పెద్దవాళ్ళు చెప్తారు.

చండ్రకట్టె
నేను ఒప్పుకోను. రిజర్వు అడవిలో ఎవరంటే వాళ్ళు నిప్పు పెడితే నేరం, ముందుగా ఆ సంగతి. ఫిబ్రవరిలో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ముందే కాల్చి వదిలే పట్టీలు, కాల్చడం మేమూ చేసేవాళ్ళం, కానీ గీత గీసి, మనుషులను నిలబెట్టి, గాలి చూసి. ఒక్కడు అగ్గిపుల్ల గీసి ఇంటికి పోతే అది చిన్న మంటా పెద్ద మంటా అని ఎవరికి తెలుసు?
బ్రెజిల్ గడ్డిమైదానం లెక్క పాలకొండలకు ఎలా సరిపోతుంది? అక్కడి నేల లోతు, ఇక్కడ జానెడు.

నల్లమల_నీడ
గీత గీసి, గాలి చూసి కాల్చడం చెంచులకు రాదంటారా? మీకన్నా ముందు నుంచీ అక్కడున్నది వాళ్ళే.

చండ్రకట్టె
రాదని నేననలేదు. నాకు పని నేర్పినవాళ్ళలో చెంచు పెద్దాయన కూడా ఉన్నాడు. పశువుల గడ్డికి ఒకడు, తేనెకు ఒకడు, దుంగలు మోసుకుపోయే దొంగ జాడ చెరపడానికి ఒకడు, బీడీ ముక్క విసిరి ఒకడు. మంటలు పెట్టేది వీళ్ళు. వాళ్ళ గురించి చెప్తున్నాను.

బాటనీ_మేడం
ఇద్దరి మాటలోనూ పట్టించుకోవాల్సింది ఉంది. సెరాడో మొక్కలు లక్షల ఏళ్ళుగా మంటతో కలిసి పెరిగినవి. మన సీమ కొండల్లో బోదగడ్డి, తునికి, కొండఈత లాంటివి మంటను తట్టుకుంటాయి. పేరితను చూడండి. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేని సైకాస్ (ఈతను పోలిన మొక్క) జాతి అది. పెద్ద కాండానికి పాత ఆకుమట్టల కవచం ఉంటుంది, మంట పోయాక కొత్త ఆకులు తొడుగుతుంది. దాని కింద మొలిచిన పిల్లమొక్కలకు ఆ కవచం లేదు. తల్లి బతికి పిల్లలు పోతూ ఉంటే, బయటికి అడవి బాగున్నట్టే కనిపిస్తుంది.
పోలికకు సెరాడో కన్నా అమెజాన్ అడవిలో మనౌస్ నగరం దగ్గర జరిగింది దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అక్కడా నేల బీదదే. అడవి కొట్టి, కాల్చకుండా వదిలేసిన చోట సెక్రోపియా చెట్లు వచ్చి, వాటి నీడలో రకరకాల అడవి చెట్లు మొలిచాయి. కొట్టి, పచ్చిక కోసం పదే పదే కాల్చిన చోట విస్మియా అనే ఒకే జాతి వేరు పిలకలతో కమ్మేసింది. దాని కింద ఇతర చెట్లు రావడం చాలా ఏళ్ళు ఆగిపోయింది. అనంత_వేరుశనగ గారి గుట్ట మీద బందారు కథ ఇలాంటిదే.

బ్రసీలియాలో_ప్రొద్దుటూరు
విస్మియా సంగతి నిజం మేడం, ఇక్కడ పని చేసేవాళ్ళు కూడా చెప్తారు. చండ్రకట్టె గారూ, లోతు విషయంలో మీ మాట కాదనను.

మేకలదొడ్డి
ఇంతకీ తంగేడు సంగతి ఎవరూ చెప్పలేదు. కాలిన చోట ముందు మొలిచేది తంగేడే. అదీ చిక్కుడు జాతే అని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. మేడం చెప్పిన నత్రజని అదే తెచ్చిపెడుతుంది కదా. ఇంక భయమెందుకు?

బాటనీ_మేడం
తంగేడు చిక్కుడు కుటుంబమే. కానీ దాని వేళ్ళకు నత్రజని పట్టే బుడిపెలు రావు. రేల కూడా అంతే. ఈ పని చేసేవి వెంపలి, నీలి, చండ్ర, కానుగ, మన ఎర్రచందనం. వెంపలి మొక్కను మెల్లగా పీకి వేళ్ళు కడిగి చూడండి, ఆవగింజంత నుంచి చిన్న బఠాణీ అంత వరకు గుండ్రటి బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తున్నట్టు.
తంగేడు ముందు మొలవడానికి కారణం విత్తనం పైపొట్టు. అది గట్టిది, నీరు పీల్చదు. కాస్త వేడి తగిలితే పగిలి నీరు దిగుతుంది. నర్సరీలో వేడినీళ్ళలో వేసేది అందుకే. కొన్ని మొక్కల విత్తనాలకు పొగే సంకేతం. 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పొగలో మొలకను లేపే పదార్థాన్ని విడిగా గుర్తించారు, దాన్ని కారికిన్ అంటారు.

బద్వేలు_బాషా
వెంపలి మా నాయన పచ్చిరొట్ట ఎరువుగా దున్నించేవాడు. బుడిపెల సంగతి తెలీదు గానీ వెంపలి దున్నిన చేను వరి చూస్తేనే తెలిసిపోయేది.

గువ్వలచెరువు_కోవా
అందరికీ చాలా థ్యాంక్స్. కత్తి పట్టుకుని వెళ్ళొచ్చాం. మొన్న ఒక వాన కూడా పడింది.
కింది వాలులో, గడ్డి ఎక్కువగా ఉన్నచోట, ఎర్రచందనం చిన్నచెట్లు పైన గీకితే ఎండిపోయి ఉన్నాయి, మొదట్లో పచ్చగా ఉన్నాయి. ఒక మొదలు చుట్టూ మట్టి తీస్తే ఎర్రటి మొగ్గలు, బియ్యపుగింజ అంత, వరసగా ఉన్నాయి. ఒకటి రెండు అప్పటికే వేలెడు పిలకలయ్యాయి, ఆకులింకా ముడుచుకుని ఉన్నాయి. పైన మెట్ట దగ్గర, ఎప్పుడో ఎవరో కొట్టి వదిలేసిన దుంగలు కాలిన చోట మట్టి మేడం చెప్పినట్టే ఇటుక రంగులో ఉంది. అక్కడ చీమ కూడా లేదు.
వంకలో మాత్రం నల్లనీళ్ళు పారి బూడిద రాళ్ళ సందుల్లో పేరుకుంది. ఒక్క వానకే ఇంత పోయింది. ఇది చూశాక భయమేసింది.

చండ్రకట్టె
ఇప్పుడు చెయ్యాల్సింది ఇదే తమ్ముడూ. అటవీ ఆఫీసు వాళ్ళ అనుమతి తీసుకుని, కాలి పడిపోయిన కొమ్మలను వాలుకు అడ్డంగా పరచండి. పైనుంచి కిందికి కాదు, అడ్డంగా. కొమ్మ నేలకు ఆనుకోవాలి, కింద సందు ఉంటే నీళ్ళు అక్కడి నుంచే దూరి గాడి చేస్తాయి. పలుగురాళ్ళు ఎటూ ఉన్నాయి, కొమ్మకు కింది వైపు వరసగా పేర్చండి. మోకాలెత్తు కట్ట అక్కర్లేదు, జానెడు చాలు. మట్టీ బూడిదా అక్కడ ఆగుతాయి, మొలకలూ అక్కడే ముందు వస్తాయి.
మనకు అసలు భయం తొలకరి కాదు, అక్టోబరు నవంబరు తుపాను వానలు. 2021 నవంబరులో చెయ్యేరు వరద ఏం చేసిందో చూశాం కదా. ఆ లోపు నేల మీద గడ్డో ఆకో ఏదో ఒకటి కప్పి ఉండాలి.

మేకలదొడ్డి
గడ్డి లేవాలంటున్నారు, సరే. రేపు "మేకలు రాకూడదు" అంటారు. మరి మేం ఎక్కడికి తోలుకుపోవాలి? చేలన్నీ కంచెలు వేశారు, చెరువులో కంప, రోడ్డెక్కితే లారీలు. కొండ కాలినప్పుడల్లా ముందు మా మీదే వేలు చూపిస్తారు. ఈసారి నిప్పు పెట్టింది మా వాళ్ళు కాదు.

అనంత_వేరుశనగ
ఈ బాధ నిజమైనది. మా వైపు గొర్రెలవాళ్ళది కూడా ఇదే. వాళ్ళ మందను చేలో రాత్రి పడుకోబెట్టించుకోవడానికి మేం డబ్బులిస్తాం, అంత విలువైన ఎరువు. పగలు మాత్రం వాళ్ళకు చోటుండదు.

గువ్వలచెరువు_కోవా
మేకలదొడ్డి మామా, నిన్ను ఎవరూ అనలేదు. మా ఊరి మేకలవాళ్ళతో కూడా మాట్లాడాం. కాలిన వాలు మొత్తం కాదు, పిలకలు ఎక్కువగా ఉన్న కింది వాలు ఒక్కటే రెండు వానాకాలాలు వదలమని అడిగాం. ఎదురుగా ఉన్న, కాలని వాలుకు తోలుకుంటామన్నారు. అక్కడికి నీళ్ళతొట్టి ఉంటే చాలన్నారు. పంచాయతీలో అడుగుతున్నాం.

మేకలదొడ్డి
నీళ్ళతొట్టి పెడితే ఒప్పుకుంటారు అబ్బీ. నీళ్ళే మాకు పెద్ద సమస్య. మేక పిలక కొరికితే మళ్ళీ వస్తుంది, కానీ కాలిన ఏడాది కొరికితే తట్టుకోవడం కష్టం, అది నేనూ చూశాను. రెండేళ్ళు ఎక్కువేం కాదు.

పిట్టలచూపు
ఒక మాట కలపనా? కలివికోడిని 1986లో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి వైపు మళ్ళీ కనుక్కున్నారు, అంతకుముందు దశాబ్దాల పాటు అది లేదనే అనుకున్నారు. ఆ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. ముళ్ళపొదలు, వాటి మధ్య ఖాళీ జాగా ఉండాలి. మొక్కలు నాటుతామని బయల్దేరేవాళ్ళు అలాంటి చిట్టడవిని "ఖాళీ స్థలం" అనుకుని గుంతలు తవ్వేస్తారు. పొద తక్కువగా ఉందని అది పాడుబడిన అడవి కాదు. దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి.

బాటనీ_మేడం
చాలా మంచి మాట. కోవా గారూ, నర్సరీ వాళ్ళిచ్చే మొక్కల గురించి నా సలహా ఇది. నేరేడుకు నీటిపట్టు కావాలి, ఆ పలుగు నేలలో వేసవి దాటదు. వేప, కానుగ బతకొచ్చు, కానీ ఆ కొండవి కావు. వాటిని బడి ఆవరణలో, చెరువుకట్ట మీద, రోడ్డు పక్కన నాటండి, అక్కడ నీడ కావాలి కూడా. కొండ మీద ఏమైనా వెయ్యాలనుకుంటే దుంగలు కాలిన ఇటుకరంగు మచ్చల్లో మాత్రమే, అదీ పక్క వాలులో రాలిన చండ్ర, వెంపలి గింజలు తెచ్చి వెయ్యండి. పక్కన కాలని చోటు నుంచి దోసెడు పైమట్టి తెచ్చి కలపండి. అందులో ఉండే సూక్ష్మజీవులూ, బూజుతీగలూ మాడిన మట్టిలో లేవు. వేరు భాస్వరాన్ని అందుకోవడానికి ఆ బూజుతీగలే ఆధారం.

పెన్నాగట్టు
మరి విత్తన బంతులు? మా ఊరి బడిపిల్లలు చేసి పెట్టారు, గంపలకొద్దీ ఉన్నాయి.

చండ్రకట్టె
పారేయొద్దు, పిల్లలు కష్టపడి చేశారు. కానీ కొండవాలు మీద విసిరితే చాలావరకు రాళ్ళ మీద పడి పగులుతాయి, ఒక వానకు మొలిచి తర్వాతి ఎండకు మాడతాయి. అడ్డంగా పేర్చిన కొమ్మల వెనక, మట్టి ఆగిన చోట చేత్తో పెట్టించండి. లోపల ఏ గింజలున్నాయో అడిగి తెలుసుకోండి. సుబాబుల్ ఉంటే మాత్రం వద్దు, అది ఒకసారి దిగితే వదలదు.

బద్వేలు_బాషా
కాలిన చోట పులికంప కూడా అంతే. కాలిస్తే పోతుందనుకుంటారు, మొదలు నుంచి మరింత గుబురుగా లేస్తుంది. ఎండితే అదే మళ్ళీ మంటకు మేత.

నల్లమల_నీడ
పులికంప మా వైపు పెద్ద బెడద. లేతగా ఉన్నప్పుడే వేరు మెడ (కాండం వేరుతో కలిసే చోటు) కింద నరికి, తలకిందులుగా వేలాడదీస్తే మళ్ళీ నాటుకోదు. తొలి వానకు నేల మెత్తబడ్డాక చెయ్యండి.
చండ్రకట్టె గారూ, మంటల విషయంలో మన తగువు తేలలేదు. మీరు ఫిబ్రవరిలో ఆత్మకూరు వైపు వస్తే మా పెద్దవాళ్ళు కాల్చిన చోటు, కాల్చని చోటు రెండూ చూపిస్తాను.

చండ్రకట్టె
వస్తాను. చూశాకే మాట్లాడతాను.

అనంత_వేరుశనగ
మా గుట్ట సంగతి ఎవరైనా చెప్పండి. బందారు కమ్మేసిన చోట ఇంక ఆశ లేదా?

బాటనీ_మేడం
ఉంది. బందారు పొద మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, మేకలు ముట్టని ఆ ముసుగులో చిగర, బలుసు మొలకలు దాక్కుని ఉండొచ్చు. ఉంటే బందారును మొత్తం కొట్టేయొద్దు, మొలక చుట్టూ వెలుతురు పడేంత మేర కొమ్మలు కత్తిరించండి. వరసగా కొన్నేళ్ళు మంట రాకుండా ఉంటేనే ఇది సాధ్యం. మీ గుట్ట రాయిలో ఫెల్‌స్పారు, అభ్రకం అనే ఖనిజాలు ఉంటాయి, పలుగు కొండ కన్నా మీ మట్టికి పోషకం కాస్త ఎక్కువే అందుతుంది. మీకు తక్కువైంది వాన, ఎక్కువైంది మంట.

అనంత_వేరుశనగ
రేపు పొద్దున్నే వెళ్ళి చూస్తాను మేడం.

పెన్నాగట్టు
మంట మొదలైనప్పుడే తెలిసే దారి ఏదైనా ఉందా? మా వైపు కొండ మీద పొగ కనిపించేసరికే సగం కాలిపోతుంది.

బ్రసీలియాలో_ప్రొద్దుటూరు
ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారంతో మంటల హెచ్చరికలు పంపుతారు. వాళ్ళ సైట్‌లో ఫోన్ నంబరు, ప్రాంతం నమోదు చేసుకుంటే మామూలు జనానికి కూడా మెసేజ్ వస్తుంది. ఒక ఉపగ్రహం 375 మీటర్ల చుక్కలుగా చూస్తుంది, ఇంకొకటి కిలోమీటరు చుక్కలుగా. చిన్న మంట తప్పిపోవచ్చు, ఉపగ్రహం మీదుగా వెళ్ళే సమయానికి కాలుతూ ఉండాలి కూడా. అయినా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు నమోదు చేసుకోవడం మంచిది.

గువ్వలచెరువు_కోవా
ఇవాళే చేస్తాం. నర్సరీ మొక్కలు బడికీ చెరువుకట్టకూ అని ఒప్పుకున్నారు. అనుమతి కాగితం పెట్టాం, వారంలో చెప్తామన్నారు. వచ్చిన వెంటనే కొమ్మలు పరిచే పని మొదలుపెడతాం.
చండ్రకట్టె పెదనాన్నా, ఒక్క అనుమానం. ఒక్కో మొదలుకు పదీ పన్నెండు పిలకలు వస్తున్నాయి. అన్నీ ఉంచాలా, కొన్ని తీసేయాలా?

చండ్రకట్టె
ఈ ఏడాది ఒక్కటి కూడా తీయొద్దు. ఎంత ఆకు ఉంటే వేరు అంత తొందరగా నింపుకుంటుంది. రెండో ఏడు చలికాలంలో నేలకు దగ్గరగా పుట్టిన, నిటారుగా ఉన్న రెండు మూడు ఉంచి మిగతావి తీయించొచ్చు, అదీ ఆఫీసు వాళ్ళు సరే అంటేనే. ఎర్రచందనం కదా, ఆకు కోసినా అడుగుతారు. పైనుంచి, కాలిన కొమ్మ మీద పుట్టిన పిలకలను నమ్మొద్దు, అవి గాలికి విరుగుతాయి.